ఫ్యూజు తీగ నుంచి డ్రైవరు దాకా: యూఎస్‌బీ అతిప్రవాహ రక్షణ చరిత్ర – నాంపల్లి, ఆబిడ్స్ నేపథ్యం

వ్యాస సంగ్రహం

యూఎస్‌బీ పోర్టు నుంచి ఏదైనా పరికరం పరిమితికి మించి కరెంటు లాగినప్పుడు ఏర్పడే స్థితిని సాంకేతిక పరిభాషలో ఓవర్ కరెంట్ అంటారు. ఈ వ్యాసంలో దానికి 'అతిప్రవాహం' అనే మాటను వాడుతున్నాను. ఈ దోషం ఏర్పడినప్పుడు పోర్టుకు సరఫరాను ఎవరు ఆపుతారు, ఎవరు తిరిగి ఇస్తారు, ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది అనే మూడు ప్రశ్నల ఆధారంగా 1996 నుంచి నేటి వరకు సాగిన పరిణామాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం, ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ ఈ పరిశీలనకు స్థానిక భూమిక. దోషాన్ని సూచించే సందేశాలను తెలుగులో ఎలా చెప్పాలనే పరిభాషా సమస్య ఇందులో భాగమే.

కీలక పదాలు: యూఎస్‌బీ, అతిప్రవాహం, డ్రైవరు, ఫ్యూజు, కట్-అవుట్, నుమాయిష్, జగదీశ్ మార్కెట్, సాంకేతిక పరిభాష.

1. ఉపోద్ఘాతం

విద్యుత్తు చరిత్రను మనం సాధారణంగా ఉత్పత్తి కేంద్రాల చరిత్రగా, తీగలు ఏ ఊరికి ఎప్పుడు చేరాయన్న చరిత్రగా రాసుకున్నాం. సరఫరాను నిలిపివేసే సాధనాల చరిత్రపై అంత దృష్టి పడలేదు. ఇంటి గోడ మీది పింగాణీ ఫ్యూజు, దాని స్థానంలో వచ్చిన ఎంసీబీ, కంప్యూటరు పోర్టు వెనక ఉండే చిన్న స్విచ్చు చేసే పని ఒక్కటే. ముందుగా నిర్ణయించిన హద్దు దాటిన ప్రవాహాన్ని అవి అడ్డుకుంటాయి. అయితే అడ్డుకున్న తర్వాత ఏం జరగాలన్న విషయంలో ఈ మూడింటికీ పోలిక లేదు. ఫ్యూజు కాలితే మనిషి చేత్తో కొత్త తీగ కట్టాలి. ఎంసీబీ పడిపోతే మనిషి మీట పైకి లేపాలి. యూఎస్‌బీ పోర్టు విషయంలో ఆ పని ఆపరేటింగ్ సిస్టమ్‌లోని డ్రైవరుకు దక్కింది. మనిషి చేతిలోని ఒక నిర్ణయం ప్రోగ్రాముకు బదిలీ అయిన ఈ క్రమమే ప్రస్తుత వ్యాస విషయం.

2. నాంపల్లి, ఆబిడ్స్: కట్-అవుట్ కాలం

హైదరాబాదు నగరానికి విద్యుత్తునిచ్చిన హుస్సేన్ సాగర్ థర్మల్ కేంద్రం 1920లో మొదలైంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉన్న ఆర్మేనియన్ ఆల్బర్ట్ ఆబిద్ దుకాణం పేరు మీద ఆబిడ్స్ వెలిసింది. నగరపు కొత్త వ్యాపారానికి అది కేంద్రంగా ఎదిగింది. పక్కనే నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్‌లో 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల చొరవతో నుమాయిష్ ప్రారంభమైంది. 1946లో అది ప్రస్తుత ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. ఏటా జనవరి 1న మొదలై దాదాపు నెలన్నర సాగే ఈ ప్రదర్శన విద్యుత్ రక్షణ దృష్టితో చూస్తే ఒక ప్రత్యేక సందర్భం. కొన్ని వారాల పాటు ఒకే ఆవరణలో వందలాది తాత్కాలిక దుకాణాలు ఉమ్మడి సరఫరా మీద నడుస్తాయి. ఒక దుకాణంలో తీగ కలిసిపోతే ఆ ఒక్క దుకాణమే చీకటి కావాలా, వరుస మొత్తం ఆగిపోవాలా అన్నది కట్-అవుట్‌లను ఎక్కడెక్కడ అమర్చారన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

1956 నాటి భారత విద్యుత్ నియమాలు కట్-అవుట్‌ను నిర్వచించాయి. ముందుగా నిర్ణయించిన పరిమాణాన్ని ప్రవాహం మించినప్పుడు దానంతట అదే సరఫరాను తెంచే సాధనం అన్నది ఆ నిర్వచనం సారం. కరిగిపోయే తీగ, అంటే ఫ్యూజు, అందులో భాగమే. నిర్వచనం తెంచడం గురించి చెప్పింది కాని తిరిగి కలపడం గురించి చెప్పలేదు. అది మనిషి పని అని వేరే చెప్పవలసిన అవసరం ఆనాడు లేదు. జర్మనీలోని మాన్‌హైమ్‌లో హ్యూగో స్టాట్జ్ సంస్థ 1924లో రూపొందించిన చిన్న సర్క్యూట్ బ్రేకరు, అంటే నేటి ఎంసీబీ, కాలిన తీగను మార్చే శ్రమను తప్పించింది. మీట లేపే చేయిని మాత్రం తప్పించలేదు.

ఆ చేయి నిర్వహించిన పాత్ర ముఖ్యమైనది. ఫ్యూజు పోయినప్పుడు ఇంట్లోవాళ్లు ముందు కారణం వెతుకుతారు. ఏ ప్లగ్గు పెట్టినప్పుడు పోయిందో గుర్తు చేసుకుంటారు. పింగాణీ గాడి మీద మిగిలిన నల్లటి మరక జరిగినదానికి సాక్ష్యంగా నిలుస్తుంది. ఇదే చేయి తప్పు కూడా చేస్తుంది. మాటిమాటికీ పోతోందని ఫ్యూజులో రెండు మూడు పోగులు కలిపి మందంగా కట్టడం తెలుగునాట అందరికీ తెలిసిన అలవాటు. అలా కట్టిన రోజు నుంచి ఫ్యూజు పోదు. దాని బదులు గోడలోని తీగ వేడెక్కుతుంది. 2019 జనవరి 30న నుమాయిష్‌లో పెద్ద సంఖ్యలో దుకాణాలు కాలిపోయినప్పుడు మొదట అనుమానించిన కారణం షార్ట్ సర్క్యూట్. ఆవరణ చిన్నదైనా, సరఫరా తాత్కాలికమైనా హద్దును కాపాడే సాధనం మీద ఎంత భారం ఉంటుందో ఆ సంఘటన నగరానికి గుర్తు చేసింది.

3. యూఎస్‌బీ ప్రమాణం: చేయి అక్కరలేని రక్షణ

కాంపాక్, డీఈసీ, ఐబీఎం, ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఎన్‌ఈసీ, నార్టెల్ అనే ఏడు సంస్థలు కలిసి రూపొందించిన యూఎస్‌బీ 1.0 ప్రమాణం 1996 జనవరిలో వెలువడింది. ఇంటెల్‌లో ఈ కృషికి సారథ్యం వహించిన అజయ్ భట్ బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో చదివినవారు. 1998 సెప్టెంబరులో 1.1, 2000 ఏప్రిల్‌లో 2.0 ప్రమాణాలు వచ్చాయి. సమాచారాన్ని, విద్యుత్తును ఒకే తీగలో పంపడం ఈ ప్రమాణపు విశేషం. పరికరం మొదట 100 మిల్లీ ఆంపియర్లకు మించి తీసుకోకూడదు. తనకు ఎంత కావాలో చెప్పి, కంప్యూటరు ఒప్పుకున్నాక 500 మిల్లీ ఆంపియర్ల వరకు తీసుకోవచ్చు. 5 వోల్టుల వద్ద ఇది 2.5 వాట్లు. 2008లో వచ్చిన యూఎస్‌బీ 3.0 ఈ హద్దులను 150, 900 మిల్లీ ఆంపియర్లకు పెంచింది.

ఇది మాట మీద నడిచే ఒప్పందం. పరికరం తనకు 100 మిల్లీ ఆంపియర్లు చాలునని చెప్పి 700 లాగితే ఆ అబద్ధాన్ని డ్రైవరు గుర్తించలేదు. చెప్పిన లెక్కను, అందుబాటులో ఉన్న లెక్కను పోల్చడం వరకే దానికి సాధ్యం. లెక్క సరిపోకపోతే లినక్స్ ఆ పరికరపు కోరికను తిరస్కరించి, బస్సులో చాలినంత విద్యుత్తు లేదని నమోదు చేస్తుంది. నిజంగా ప్రవహిస్తున్నదాన్ని కొలవడం హార్డువేరు పని. అందుకే ప్రమాణం అతిప్రవాహ రక్షణను విడిగా నిర్దేశించింది. ఏ పోర్టు రక్షణ హద్దయినా 5 ఆంపియర్లను మించరాదు. పరికరం తగిలించిన క్షణంలో కలిగే తాత్కాలిక ప్రవాహానికి అది పొరపాటున తెగిపోనూ కూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, తెగిన తర్వాత వాడుకరి చేతితో ఏమీ మార్చనవసరం లేకుండా అది మళ్లీ పనిచేయగలగాలి. వేడెక్కితే నిరోధం పెరిగి, చల్లబడితే మామూలు స్థితికి వచ్చే పాలిమర్ ఫ్యూజులు, అర్ధవాహక స్విచ్చులు ఇందుకు తగినవని ప్రమాణమే ఉదాహరణగా చూపింది.

1956 నియమాల నిర్వచనంతో పోల్చితే ఇక్కడ కొత్తగా చేరినది ఈ చివరి నిబంధనే. దానితో పాటు ఒక క్రమం కూడా వచ్చింది. హబ్ దోషాన్ని పసిగట్టి సంబంధిత పోర్టుల సరఫరాను ఆపాలి. ఆ మార్పును కంప్యూటరుకు తెలపాలి. కంప్యూటరు ఏ పోర్టులో మార్పు వచ్చిందో చదవాలి. దోషాన్ని సూచించే బిట్టు సున్నా అయ్యేవరకు ఆగాలి. ఆ తర్వాత పోర్టులకు మళ్లీ సరఫరా ఇచ్చి, పరికరాలను మొదటి నుంచి గుర్తించాలి. తెంచడం హార్డువేరుకు, కలపడం సాఫ్టువేరుకు అప్పగించిన శ్రమ విభజన ఇది.

హబ్బులు రెండు విధాలు. కొన్నింటిలో ప్రతి పోర్టుకు విడి రక్షణ ఉంటుంది. మరికొన్నింటిలో అన్ని పోర్టులకూ కలిపి ఒకటే. రెండో రకంలో ఒక పెన్ డ్రైవు చేసిన దోషానికి పక్కనున్న కీబోర్డు కూడా ఆగిపోతుంది. నుమాయిష్ వరుసలో ప్రతి దుకాణానికి విడి కట్-అవుట్ ఉండటానికి, వరుసంతటికీ ఒకటే ఉండటానికి మధ్య ఉన్న తేడాయే ఇక్కడా కనిపిస్తుంది. హబ్ తాను ఏ రకమో తన వివరణ పట్టికలో చెప్పుకుంటుంది. డ్రైవరు దాన్ని చదివి తన ప్రవర్తనను మలచుకోవాలి.

4. నియంత్రక చిప్పులు: తెలపడం, తెంచడం

ప్రమాణం ఇలా చెప్పినా తొలి తరం నియంత్రక చిప్పులు అన్నీ దానికి తగినట్లు లేవు. ఇంటెల్ రూపొందించిన యూహెచ్‌సీఐ పద్ధతిలో పోర్టు సరఫరాను ఆపే ఏర్పాటే లేదు. అతిప్రవాహాన్ని సూచించే బిట్లు కూడా మూల నిర్దేశంలో లేవు. అవి ఇంటెల్ 430 టీఎక్స్ చిప్‌సెట్ నుంచి వచ్చాయని లినక్స్ మూలసంకేతంలోని వ్యాఖ్య నమోదు చేసింది. ఆ కాలపు డ్రైవరు చూడగలదు కాని ఆపలేదు. తెంచే పని మదర్‌బోర్డు మీది పాలిమర్ ఫ్యూజుదే.

2.0 కాలపు ఈహెచ్‌సీఐ నియంత్రకాలలో మరో సందిగ్ధత వచ్చింది. ప్రతి పోర్టుకు విడి స్విచ్చు ఉన్నా, అతిప్రవాహం వచ్చినప్పుడు అన్ని చిప్పులూ దాన్ని తమంతట తాము ఆపవు. ప్రవాహాన్ని పరిమితం చేసి ఊరుకోవడానికి కూడా వాటికి అనుమతి ఉంది. అందువల్ల లినక్స్ డ్రైవరు దోషపు బిట్టు కనపడగానే, పోర్టు వారీ స్విచ్చు ఉంటే, తానే సరఫరాను ఆపుతుంది. తిరిగి ఇచ్చే పనిని హబ్ డ్రైవరుకు వదిలేస్తుంది. హార్డువేరు చేయవలసిన పనిలో సందేహం మిగిలినచోట సాఫ్టువేరు ఆ బాధ్యతను తనపై వేసుకున్న సందర్భమిది.

5. తిరిగి కలపడం: రెండు ధోరణులు

లినక్స్‌లో 2001 జనవరిలో వచ్చిన 2.4 విడుదలతో యూఎస్‌బీ స్థిరపడింది. పోర్టులో అతిప్రవాహపు మార్పు వచ్చిందని తెలిసినప్పుడు నేటి హబ్ డ్రైవరు పాటించే క్రమం సరళమైనది. ముందు ఆ మార్పు బిట్టును చెరిపేస్తుంది. 100 మిల్లీ సెకన్లు ఆగుతుంది. ఈ విరామానికి ఎదురుగా రాసిన వ్యాఖ్య అర్థం 'చల్లబడనివ్వు' అని. తర్వాత సరఫరాను తిరిగి ఇచ్చి స్థితిని చదువుతుంది. దోషం ఇంకా ఉంటే ఒక వాక్యం నమోదు చేస్తుంది. హబ్ మొత్తానికి సంబంధించిన దోషమైతే విరామం 500 మిల్లీ సెకన్లు.

ప్రమాణం చెప్పిన క్రమంతో దీన్ని పోలిస్తే ఒక తేడా కనిపిస్తుంది. ప్రమాణం దోషం తొలగేవరకు ఆగమంది. డ్రైవరు నియమిత కాలం ఆగి, ఆ తర్వాత ప్రయత్నిస్తుంది. వంగిన పిన్ను, పోర్టులోకి చేరిన తడి వంటి శాశ్వత కారణం ఉన్నప్పుడు దోషం మళ్లీ వస్తుంది. సంకేతం మళ్లీ వస్తుంది. డ్రైవరు మళ్లీ ప్రయత్నిస్తుంది. ఇంట్లో మనిషి మూడోసారి ఫ్యూజు కట్టేముందు అనుమానిస్తాడు. ఈ క్రమంలో ఆ అనుమానానికి తావు లేదు. హార్డువేరులోని స్విచ్చు ప్రతిసారీ తన పని చేస్తుంది కాబట్టే ఈ పద్ధతి ప్రమాదకరం కాకుండా ఉంది.

విండోస్ మరో దారి పట్టింది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలో పరికరం హబ్ పోర్టు పరిమితిని మించిందని తెర మూలన హెచ్చరిక వస్తుంది. దాన్ని నొక్కితే ఏ హబ్‌లోని ఏ పోర్టులో దోషం వచ్చిందో చూపే కిటికీ తెరుచుకుంటుంది. అందులో రీసెట్ మీట ఉంటుంది. ఎంసీబీ మీట లేపే చేయి ఇక్కడ మౌసు రూపంలో కొనసాగింది. లినక్స్ పద్ధతి పర్యవేక్షించే మనిషి లేని సర్వర్లకు, చిన్న పరికరాలకు అనువైనది. విండోస్ పద్ధతి తెర ముందు ఒక మనిషి ఉన్నాడన్న ఊహ మీద నిలిచింది. రెండింటిలో ఏది మెరుగన్నది వాడుక సందర్భాన్ని బట్టి తేలుతుంది.

6. అబద్ధపు హెచ్చరిక, మందపు తీగ

అతిప్రవాహాన్ని సూచించే తీగను మదర్‌బోర్డు తయారీదారు సరిగా కలపకపోతే, లేని దోషం ఉన్నట్లు సంకేతం వస్తుంది. అప్పుడు బాగున్న పోర్టు పనిచేయదు. ఇలాంటి బోర్డుల కోసం లినక్స్‌లోని ఈహెచ్‌సీఐ, యూహెచ్‌సీఐ డ్రైవర్లలో 'ఇగ్నోర్ ఓసీ' అనే ఐచ్ఛికం ఉంది. దాన్ని ఎంచుకుంటే డ్రైవరు అతిప్రవాహ సంకేతాలను పట్టించుకోదు.

ఫ్యూజులో మందపు తీగ కట్టడానికి, ఈ ఐచ్ఛికానికి పోలిక ఉంది. అసౌకర్యం కలిగించే హెచ్చరికను రెండూ నోరు మూయిస్తాయి. తేడా కూడా ఉంది. మందపు తీగ రక్షణనే తీసివేస్తుంది. ఈ ఐచ్ఛికం డ్రైవరు స్పందనను మాత్రమే ఆపుతుంది. బోర్డు మీద విడి స్విచ్చో పాలిమర్ ఫ్యూజో ఉన్నంతవరకు అసలు రక్షణ మిగిలే ఉంటుంది. అయితే ఆ బోర్డు ప్రవాహాన్ని పరిమితం చేసి ఊరుకునే రకమైతే, సరఫరాను పూర్తిగా ఆపవలసిన డ్రైవరు ఇప్పుడు మౌనంగా ఉంటుంది. కాబట్టి ఈ ఐచ్ఛికాన్ని వాడేముందు ఆ బోర్డులో తెంచే బాధ్యత ఎవరిదో తెలుసుకోవడం అవసరం.

7. 'వచ్చింది', 'లాగింది': పరిభాషా సమస్య

తెలుగు వ్యవహారంలో 'కరెంటు' అంటే విద్యుత్ప్రవాహం మాత్రమే కాదు, విద్యుత్ సరఫరా మొత్తం. 'కరెంటు పోయింది', 'కరెంటు బిల్లు' వంటి ప్రయోగాలు ఇందుకు నిదర్శనం. 'కరెంటు ఎక్కువొచ్చి టీవీ కాలిపోయింది' అన్నప్పుడు మాట్లాడేవారి ఉద్దేశం సరఫరాలో వోల్టేజి పెరిగిందని. తప్పు బయటి నుంచి వచ్చినదానిది. 'మోటారు లోడు ఎక్కువ లాగుతోంది' అన్నప్పుడు తప్పు వాడే పరికరానిది. ఈ రెండు క్రియలూ విద్యుత్ దోషాలను రెండు వర్గాలుగా స్పష్టంగా విభజిస్తున్నాయి.

అతిప్రవాహం రెండో వర్గానికి చెందినది. పరికరమో, తెగిన కేబులో, పోర్టులోని పిన్నో ఎక్కువ లాగింది. కాని విండోస్ ఇంగ్లీషు సందేశపు శీర్షికలో వాడిన మాట 'పవర్ సర్జ్'. అది విద్యుత్తు పోటెత్తిందన్న భావాన్ని కలిగిస్తుంది. విండోస్ 10లో ఆ శీర్షిక కింది వాక్యం పోర్టు ఇవ్వగలిగిన దానికంటే పరికరానికి ఎక్కువ కావాలని చెబుతుంది. శీర్షిక ఒక వర్గానిది, వివరణ మరో వర్గానిది. శీర్షికను యథాతథంగా తెలుగు చేస్తే 'కరెంటు ఎక్కువొచ్చింది' అవుతుంది. చదివినవారు స్టెబిలైజరు కొంటారు, లేదా కంప్యూటరు పవర్ సప్లైని మార్పిస్తారు. దోషమున్న కేబులు మాత్రం పోర్టులోనే ఉంటుంది.

ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ నగరంలో మొబైల్ ఫోన్ల అమ్మకాలకు, మరమ్మతులకు పేరుపొందిన స్థలం. మరమ్మతు బల్లల మీద వినిపించే 'షార్టయింది', 'లోడు లాగుతోంది' అన్న మాటలు ఈ తేడాను చక్కగా పట్టుకుంటాయి. ఆండ్రాయిడ్ ఫోన్ల కేంద్రంలో ఉన్నది లినక్స్ కెర్నెలే. ఫోనుకు పెన్ డ్రైవు తగిలించినప్పుడు ఆ ఫోనే ఆతిథేయి కంప్యూటరు పాత్ర వహిస్తుంది. విద్యుత్తు ఇచ్చేదీ, హద్దును కాపాడవలసిందీ అదే. గోడకు పెట్టే చార్జరులో ఆపరేటింగ్ సిస్టమ్ ఉండదు. అక్కడ రక్షణ చార్జరు లోపలి వలయానిది. ఒకే కేబులు రెండు చోట్లా తగిలినా, దోషం వచ్చినప్పుడు జవాబుదారీ వేరు.

ఈ మార్కెట్‌కు కొద్ది దూరంలో, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ ఆవరణలో 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉంది. 1968లో స్థాపించిన తెలుగు అకాడమి కూడా ఈ నగరంలోనిదే. పాఠ్య పరిభాషను నిర్మించిన సంస్థలకు, పనివారి నోట స్థిరపడిన మాటలకు మధ్య భౌగోళిక దూరం ఇంత తక్కువ. నిఘంటువులోని నామవాచకం కన్నా బజారులోని క్రియ కచ్చితంగా ఉన్న సందర్భాలలో ఆ క్రియనే స్వీకరించడం శాస్త్రీయం. 'ఈ పోర్టుకు తగిలించిన పరికరం పరిమితికి మించి కరెంటు లాగింది. దాన్ని తీసివేయండి' అన్న వాక్యంలో కారణం, కర్త, చేయవలసిన పని మూడూ ఉన్నాయి.

8. దోషాన్ని లెక్కించడం

కాలిన ఫ్యూజు తన చరిత్రను తనపైనే రాసుకుంటుంది. డ్రైవరు నమోదు చేసే వాక్యం వ్యవస్థ లాగులో ఉంటుంది. అది ఇంగ్లీషులో ఉంటుంది. చూడాలని తెలిసినవారికే కనిపిస్తుంది. అతిప్రవాహం ఎన్నిసార్లు వచ్చిందో ప్రతి పోర్టుకు విడిగా లెక్కించి వాడుకరి ప్రోగ్రాములకు అందించే ఏర్పాటు లినక్స్‌లో 2018లో వచ్చింది. తొలి ప్రమాణానికి, ఈ లెక్కకు మధ్య 22 ఏళ్లు గడిచాయి. అంతకాలం దోషాన్ని సరిచేయడం మీద ఉన్న శ్రద్ధ దాన్ని గుర్తుంచుకోవడం మీద లేదు.

ఈ లెక్క కూడా జ్ఞాపకంలోనే ఉంటుంది. యంత్రాన్ని తిరిగి ప్రారంభిస్తే సున్నా అవుతుంది. ఒక కళాశాల ప్రయోగశాలలోని కంప్యూటరు పోర్టు ఏడాదిలో ఎన్నిసార్లు తెగిందో తెలియాలంటే దాన్ని ఎవరో ఒకరు ఎప్పటికప్పుడు ఎత్తి రాసుకోవాలి. విద్యుత్ ప్రమాదం జరిగాక కారణాన్ని వెతికే పరిశోధకునికి ఇటువంటి నమోదు ప్రాథమిక ఆధారం అవుతుంది. అది లేనిచోట 'షార్ట్ సర్క్యూట్' అన్న రెండు మాటలతోనే విచారణ ఆగిపోయే అవకాశం ఉంది.

ప్రస్తుత పరిణామాలు ఈ అవసరాన్ని పెంచుతున్నాయి. 2014లో టైప్-సి వచ్చింది. 2021 నాటి పవర్ డెలివరీ సవరణతో ఒకే కేబులు 48 వోల్టుల వద్ద 5 ఆంపియర్లు, అంటే 240 వాట్ల వరకు మోయగలదు. భారతీయ ప్రమాణాల సంస్థ టైప్-సి ప్రమాణాన్ని 2023 జనవరిలో ప్రకటించింది. 1996లో 2.5 వాట్ల పోర్టు చేసే హాని స్వల్పం. దానికి దాదాపు వందరెట్ల శక్తి మోసే తీగ విషయంలో, తెగిన సరఫరాను ఎన్నిసార్లు, ఎంత విరామంతో తిరిగి కలపాలన్నది ప్రజల భద్రతకు సంబంధించిన ప్రశ్న.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1) కట్-అవుట్ నుంచి యూఎస్‌బీ వరకు ప్రవాహాన్ని తెంచే సూత్రం మారలేదు. తిరిగి కలిపే అధికారం మాత్రం మనిషి నుంచి డ్రైవరుకు మారింది.

2) ప్రమాణం ఒక క్రమాన్ని చెప్పినా, చిప్పుల లోపాలు, వాటిని సర్దుకున్న డ్రైవర్ల నిర్ణయాలు కలిసి అసలు ఆచరణను తీర్చిదిద్దాయి. ఆ ఆచరణ చరిత్ర మూలసంకేతంలోని వ్యాఖ్యలలో నిలిచి ఉంది. సాంకేతిక చరిత్రకారులు వాటిని కూడా ఆధారాలుగా చదవాలి.

3) హెచ్చరికను పట్టించుకోకుండా ఉండే వీలు ఫ్యూజు కాలంలోనూ, డ్రైవరు కాలంలోనూ ఉంది. రెండో సందర్భంలో దాని ఫలితం హార్డువేరు రక్షణ మీద ఆధారపడుతుంది.

4) తెలుగులో ఈ దోషాన్ని 'వచ్చింది' అన్న క్రియతో కాక 'లాగింది' అన్న క్రియతో చెప్పడం వల్ల కారణ నిర్ణయం సరిగా సాగుతుంది.

5) దోషాల లెక్క యంత్రం ఆగినా చెరిగిపోకుండా నిలవాలి. జగదీశ్ మార్కెట్ మరమ్మతుదారుల అనుభవాన్ని, వారి పదజాలాన్ని క్షేత్రపర్యటన ద్వారా సేకరిస్తే ఈ దిశలో తెలుగు పరిశోధనకు మంచి ఆధారం సమకూరుతుంది.